పెద్ద కోడలు ఇంకా వంటింట్లోనే ఉంది

“ఆవిడ వంటింట్లో ఉందండీ. విషయమేమిటో నాతో చెప్పండి, ఫర్వాలేదు.”

హాల్లోంచి భర్త గొంతు వినిపించేసరికి ఆమె మోచేతుల దాకా సబ్బు నురుగులో ఉంది. మోగింది తన ఫోనే. చేతులు కడుక్కుని తుడుచుకునేలోగా ఆ మోత ఆగిపోతుందని తెలుసు, ఆగకముందే ఆయన ఎత్తుతాడనీ తెలుసు. ఆదివారం పూట ఆయన కుర్చీకీ ఆ ఫోనుకీ మధ్య చెయ్యి చాచినంత దూరమే. ఆమెకీ ఫోనుకీ మధ్య నిన్న రాత్రి గిన్నెలూ, పొద్దుటి గిన్నెలూ, అడుగంటిన పాలగిన్నె ఒకటీ ఉన్నాయి. కుళాయి కట్టేసి, తడిచేతులతోనే గుమ్మం దాకా వచ్చేసరికి ఆయన ముగింపులో ఉన్నాడు. “లేదండీ, నెల్లాళ్ళంటే కుదరదు. ఇంట్లో ఇబ్బంది. నేను చెప్తాలెండి ఆవిడకి. ఉంటాను.”

“ఎవరండీ?”

“మీ డైరెక్టరు. ఈ సీరియల్ ఈ వారంతో అయిపోతోందటగా. తర్వాతది ఎక్కడో వేరే ఊళ్ళో తీస్తారట. నిన్ను అసోసియేటుగా రమ్మంటున్నాడు. కుదరదని చెప్పేశాను.”

“నన్నడక్కుండానా?”

“నువ్వు వంటింట్లో ఉన్నావు కదా.” ఆయన పేపరు మడత విప్పాడు. “అయినా నీకు మొహమాటం. కాదనలేక నానా అవస్థా పడతావు. ఆ బాధ లేకుండా చేశాను.”

అందులో పిసరంత దురుద్దేశం లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడటానికో పట్టు దొరికేది. ఆమె వెనక్కి వచ్చి పాలగిన్నె ముందేసుకుంది. కోపం వచ్చింది. గిన్నె అడుగు తళతళలాడేదాకా రుద్దినా తగ్గని కోపం. అసోసియేటు అంటే ఏమిటో ఆయనకి తెలుసా అసలు? డైరెక్టరు పక్కన కుర్చీ. సీన్లు తనూ చదవొచ్చు, ఇది బాగాలేదని తనూ అనొచ్చు. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట తన చెవిన పడకుండానే హాల్లో పుట్టి హాల్లోనే పోయింది. వంటింట్లో ఉందట. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది అనుకుంది. విన్నట్టేమిటి, వింటూనే ఉంది. సీరియల్లో పెద్ద కోడలి సంగతి ఎత్తినప్పుడల్లా సెట్లో అందరూ అనేది ఆ మాటే.

ఆమె పని చేసేది టీవీ సీరియల్లో. ఏం పని అని చుట్టాలడిగితే భర్త “ఏదో హెల్ప్ చేస్తుంది” అంటాడు. “ఏముంటుంది వదినా, చూస్తూ కూర్చోవడమేగా” అని ఒకసారి ఆడపడుచు అంది. చూస్తూ కూర్చోవడమే, నిజమే. ఒక సీను ఇవాళ సగం తీసి, మిగతా సగం పది రోజుల తర్వాత తీస్తారు. ఇవాళ చిన్న కోడలి ఎడమ భుజం మీదున్న జడ అప్పుడూ ఎడమ భుజం మీదే ఉండాలి. పెద్ద కొడుకు చేతి వాచీ, గోడ గడియారం ఒకే టైము చూపించాలి. సగం తాగిన గ్లాసులో నీళ్ళు సగమే ఉండాలి. ఇవన్నీ కనిపెట్టుకుని ఉండే పనిని కంటిన్యుటీ అంటారు. సెట్లో ఆమె పేరూ అదే అయిపోయింది. “కంటిన్యుటీ, ఓకేనా?” అని డైరెక్టరు అడగాలి, “ఓకే సార్” అని ఆమె అనాలి, అప్పుడుగాని కెమెరా తిరగదు. ఇంట్లోనూ అదే ఉద్యోగం, జీతం మాట ఎత్తకూడదు. ఆయన కళ్ళద్దాలు ఎక్కడ మర్చిపోయాడో, అత్తగారు మధ్యాహ్నం మాత్ర వేసుకుందో లేదో, కూతురి రెండో మేజోడు ఏ మంచం కింద ఉందో, అన్నీ ఆమె బుర్రలోనే ఉండాలి. ఇక్కడ ఓకేనా అని అడిగే మనిషి ఉండడు, అంతే తేడా.

ఆ సీరియల్లో ఒక పెద్ద ఇల్లు, ఆ ఇంటికొక తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. తల్లి వేషం వేసే పెద్ద నటిని సెట్లో అందరూ అమ్మగారు అంటారు. కథంతా చిన్న కోడలిది. ఆ పిల్ల ఏడిస్తే కాటుక చెదరదు, తుడుచుకుంటే లైటు మొహం మీదే పడుతుంది. పెద్ద కోడలికి కథ లేదు, పని ఉంది. ట్రే తెస్తుంది, పక్కన నిలబడుతుంది, “రా చెల్లీ, రెండు ముద్దలు తిందువు” అంటుంది. ఏడాది కిందట ఒక సీన్లో అమ్మగారు “పెద్దమ్మాయ్, కాఫీ” అంటే, “తెస్తానత్తయ్యా” అని ఖాళీ ట్రే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. అంతే, మళ్ళీ బయటికి రాలేదు.

జరిగిందేమిటంటే, ఆ వేషం వేసే అమ్మాయి అప్పుడు చంటిపిల్ల తల్లి. చీకటి పడకముందే వదిలేయండి సార్ అని అడిగింది. మర్నాటి నుంచి పిలవడం మానేశారు. పాత్రని చంపాలన్నా, ఊరు పంపాలన్నా ఒక సీను కావాలి, ఆ సీనుకి మళ్ళీ ఆ అమ్మాయే కావాలి, పోనీలే అనుకున్నారు. కొన్నాళ్ళకి వంటింటి సెట్టు కూడా పీకేసి ఆ చోట విలన్ ఆఫీసు వేశారు. తలుపు మాత్రం ఉంచారు, హాల్లో కనబడుతుంది కాబట్టి. అది తీస్తే ఆ ఆఫీసు గోడ వెనకవైపు, ప్లైవుడ్ ముక్కలు, కాలు విరిగిన కుర్చీలు, చుట్టలు చుట్టిన వైర్లు. ఇది చాలనట్టు, ఇల్లు మరీ బోసిగా వినిపిస్తోందని సౌండు చూసే అతను భోజనాల సీన్లలో తలుపు అవతల నుంచి గిన్నెల చప్పుడు కలపడం మొదలెట్టాడు. దాంతో లేని వంటింట్లో లేని మనిషి ఏడాదిగా గిన్నెలు సర్దుతూనే ఉంది.

ఆమె మటుకు మర్చిపోలేదు. లేత ఆకుపచ్చ డ్రెస్సు, కుడి మణికట్టు దగ్గర నూనె మరక, మెడ మీద జారుముడి, నల్ల బెల్టు వాచీ, చేతిలో ట్రే. ఎప్పుడు బయటికొచ్చినా ఆవిడ ఇలాగే రావాలి. కాస్ట్యూమ్స్ అతను ఆ డ్రెస్సు ఇంకెవరికో వేద్దామన్నప్పుడల్లా “అది కంటిన్యుటీలో ఉంది, ముట్టుకోకు” అని పెట్టె అడుక్కి తోసేసేది.

చిన్నప్పటినుంచీ ఉంది ఆమెకి ఈ జబ్బు. కథ చెప్పినవాళ్ళని “తర్వాత?” అని చంపుకు తినేది. రాజు గుర్రం మీద ఆ పిల్లని తీసుకొచ్చేశాడు సరే, తర్వాత? ఆ కొత్త ఇంట్లో ఆ పిల్లకి ఆకలేస్తే ఎవర్నడగాలి? “తర్వాతేముంటుంది, కథ అయిపోయింది, పడుకో” అనేది వాళ్ళమ్మ, ఆవలిస్తూ. అమ్మకి తెలియక కాదు, చెప్పే ఓపిక లేక. తర్వాత ఏముంటుందో పెళ్ళయ్యాక ఆమెకీ తెలిసింది. అయినా ఆ ప్రశ్న వదల్లేదు. సినిమా చూసి హాలు బయటికొచ్చాక అందరూ బండ్లు వెతుక్కుంటుంటే, ఆ సినిమాలో సూట్‌కేసుతో ఇల్లు వదిలిన మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుందా అని ఆమె ఆలోచించేది. రాసేవాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు. వాళ్ళు వదిలేసిన మనుషులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి ఉంటారు కదా, ఒకళ్ళు గుమ్మంలో, ఒకళ్ళు రైల్లో. పెద్ద కోడలు మరీ అన్యాయం. గురువారం ఆఖరి షూటింగు. సాయంత్రానికి ఇల్లంతా పీకేస్తారు. ఆలోపు బయటపడకపోతే ఆవిడ ఇక ఎప్పటికీ పడదు. ఎవరితో అన్నా నవ్వుతారని తెలుసు. నవ్వితే నవ్వనీ, ఆవిణ్ణి ఎలాగైనా బయటికి తేవాలని, ఆ పాలగిన్నె బోర్లించి ఆమె అనుకుంది.

సోమవారం సెట్లో అడుగుపెట్టగానే డైరెక్టరు ఎదురయ్యాడు. మనిషి మంచివాడే, ఆగి వినే తీరికుండదు. “ఫర్వాలేదులే కంటిన్యుటీ, మీ ఆయన చెప్పాడు. ఆడవాళ్ళకి సవాలక్ష ఉంటాయి ఇంట్లో. వేరే ఎవర్నైనా చూసుకుంటాను” అన్నాడు. “అది కాదు సార్, నేను” అని ఆమె నోరు తెరిచేలోగా అవతల ఎవరో లైటు మాడిపోయిందని అరిచారు, ఆయన అటు పరిగెత్తాడు. తెరిచిన నోరు మూసుకుని ఆమె రచయిత దగ్గరికి వెళ్ళింది. ఆయన మేకప్ గదిలో కూర్చుని ఆఖరి ఎపిసోడు రాస్తున్నాడు, చుట్టూ ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్లు.

“సార్, పెద్ద కోడలు.”

“ఏ పెద్ద కోడలు?”

“మన పెద్ద కోడలే సార్. కాఫీ తేవడానికి వెళ్ళింది.”

ఆయన ఒక్క క్షణం పైకి చూసి నవ్వాడు. “ఓ, ఆవిడా. వంటింట్లో ఉంది కదమ్మా.”

“ఏడాదయింది సార్.”

“మంచి కాఫీ పెడుతోందేమో.” అసిస్టెంట్లు విరగబడి నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు.

“సీనక్కర్లేదు సార్, ఒక్క మాట చాలు. ఉద్యోగమొచ్చి వెళ్ళిందనో, చదువుకోవడానికి వెళ్ళిందనో ఎవరో ఒకళ్ళు అనేస్తే చాలు.”

“అదే వద్దంటున్నాను. ఇన్నాళ్ళలో ఒక్క ప్రేక్షకుడు అడిగాడా? అడగలేదు. ఇప్పుడు మనమే గుర్తుచేస్తే, మేం మర్చిపోయాం బాబోయ్ అని మనమే చాటింపు వేసుకున్నట్టు. ఎవరూ అడగనిదాన్ని ఎందుకు కెలకడం? వెళ్ళు, వెళ్ళి జడ ఎటుందో చూసుకో.”

జడ ఎటుందో చూసుకుంది. ఇంకేం చేస్తుంది? కానీ ఆ మాట రోజంతా గుచ్చుతూనే ఉంది. అబద్ధం, ఎవరో ఒకళ్ళు అడిగే ఉంటారు, ఇంత మంది చూస్తున్నారు, అందరూ ఎలా మర్చిపోతారు? ఇంట్లో అత్తగారున్నారుగా. రోజూ ఆ టైముకి టీవీ ముందు సోఫాలో కదలకుండా కూర్చుంటుంది, ఎవరి మాటా వినదు. “పోయినవారం చిన్నదాని చెవులకి వేరేవి ఉన్నాయే, నిద్రపోయావా ఏం?” అని ఆమె తప్పులు ఆమెకే పట్టిస్తుంది. ఆ సాయంత్రం ఎపిసోడు మధ్యలో ప్రకటనలు రాగానే ఆమె అడిగేసింది.

“అత్తయ్యా, ఈ ఇంటికి పెద్ద కోడలుండేది, గుర్తుందా?”

“ఎందుకు గుర్తులేదూ. ఆకుపచ్చ బట్టల పిల్ల. నోట్లో నాలుక లేదు పాపం.”

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. “మరి ఏమైపోయిందంటారు?”

అత్తగారు తల తిప్పి వింతగా చూసింది. “ఏమైపోవడమేమిటే? వంటింట్లో ఉంది కదా. చప్పుడు వినబడట్లా?”

ప్రకటనలు అయిపోయాయి, ఆవిడ మళ్ళీ టీవీలో పడిపోయింది. ఆమె కూరలు తరిగే కత్తి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె అనుకున్నది, అడగనివాళ్ళంతా మర్చిపోయారని. మర్చిపోయి ఉంటే గుర్తుచేయొచ్చు. ఎవరూ మర్చిపోలేదు. ఎవరికీ అందులో వింత కనబడలేదు, అంతే. ఒక మనిషి వంటింట్లోకి వెళ్ళి ఏడాదిపాటు బయటికి రాకపోతే, ఇంటిల్లిపాదీ ఆ తలుపు ముందే కూర్చుని భోంచేస్తుంటే, చూసేవాళ్ళలో ఒక్కరికీ అదేమిటి అనిపించలేదు. అత్తగారి మీద విరుచుకుపడాలనిపించింది. కానీ ఆవిడ మోకాళ్ళు ఎక్కడ అరిగాయో, ఏ పొయ్యి పొగకి ఆ దగ్గు పట్టుకుందో ఆమెకి తెలుసు. ఆవిడకి మాత్రం వింతగా ఎలా ఉంటుంది? కోపం తిప్పి ఎవరి మీద పెట్టాలో తెలియక తల పైకెత్తింది. టీవీ పైన గోడకి ఫోటో ఉంది. ఆడపడుచు వాళ్ళొచ్చినప్పుడు కూతురు తీసింది. అత్తగారు, ఆయన, ఆడపడుచు, ఆవిడ మొగుడు, పిల్లలు, మధ్యలో చెయ్యి చాచి ఫోను పట్టుకున్న కూతురు, ఆఖరికి ఆడపడుచు కుక్క కూడా నాలుక బయటపెట్టి నవ్వుతోంది. ఆమె లేదు. ఆ టైముకి వాళ్ళకి పెట్టడానికి కంచాలు తుడుస్తోంది. ఫ్రేము కట్టించిందీ ఆమే, స్టూలెక్కి తగిలించిందీ ఆమే. వంకరగా ఉందా అని అడిగితే ఆయన దూరంగా నిలబడి చూసి, “బ్రహ్మాండం. అందరూ వచ్చారు” అన్నాడు. రోజంతా ఎవరి జడ ఎటుందో పట్టుకునే మనిషి, ఆ మాటకి ఏమీ అనకుండా స్టూలు దిగి స్టూలు లోపల పెట్టేసింది. తలచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండింది.

మర్నాడు ఆ వేషం వేసిన అమ్మాయికి ఫోన్ చేసింది. ఒక్క పూట రాగలవా అని అడుగుదామని. “అక్కా, నువ్వా” అంది అటునుంచి గొంతు, వెనకాల మిక్సీ మోత. “ఏమిటీ? ఆవిడింకా అక్కడే ఉందా? అయ్యో పాపం. నాకు రావాలనే ఉందక్కా. గురువారమంటే... మా అత్తగారికి కంటి ఆపరేషను, పిల్ల స్కూలు, మా ఆయన ఒప్పుకోడు. ఏమిటక్కా? వినబడట్లేదు, ఉండు, పొయ్యి మీద...” ఫోను కట్టయింది. మళ్ళీ చేయలేదు ఆమె.

గురువారం ఆఖరి షాటు. హాల్లో అందరూ వరసగా నిలబడ్డారు. మధ్యలో సోఫాలో అమ్మగారు, అటూ ఇటూ కొడుకులు, చిన్న కోడలు, చిన్న కోడలి చేతిలో అరువు తెచ్చిన పసిబిడ్డ. అవతల లారీ వచ్చి నిలబడి ఉంది, షాటు అవగానే గోడలు ఎక్కించడానికి. సాయంత్రం ఆ చోట డాన్సు పోటీ స్టేజీ కట్టాలట. డైరెక్టరు ప్రతి రెండు నిమిషాలకీ వాచీ చూసుకుంటున్నాడు. అమ్మగారు చెప్పాల్సిన ఆఖరి మాట ఒక్కటే, “నా ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, అందరూ నా కళ్ళ ముందున్నారు. ఇంకేం కావాలి నాకు.” రచయిత చేతి అలవాటుకొద్దీ రాసేశాడు, ఎన్నో చోట్ల రాసిన మాటేగా.

“లైట్లు ఓకే. సౌండు ఓకే. కంటిన్యుటీ, ఓకేనా?”

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి ఆమె నోరు దానంతటదే తెరుచుకునేది. ఇవాళ ముందు వంటింటి తలుపు వైపు చూసింది.

“కాదు సార్. ఒకరు తక్కువ.”

సెట్టంతా తల తిప్పింది. “ఎవరు తక్కువ?” అన్నాడు డైరెక్టరు, వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ.

“పెద్ద కోడలు సార్. వంటింట్లో ఉంది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. డైరెక్టరు మొహం ఎర్రబడింది. “ఇప్పుడా? లారీ బయట పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?”

“సోమవారమే రచయితగారికి చెప్పాను సార్. జడ చూసుకోమన్నారు.”

“చూడమ్మా, టైము లేదు. ఓకే అను.”

“ఓకే కానిది ఓకే అని ఎలా అంటాను సార్?” గొంతు చిన్నదే, కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ ఒక్క మాట మీద ఇంతమంది ఆగి ఉండటం ఆమెకే వింతగా అనిపించింది. ఇన్నాళ్ళూ తన నోట్లో ఇంత బలం ఉందని తెలియకుండానే ఓకే, ఓకే అని దాన్ని అరగదీసేసింది కదా అనుకుంది.

అప్పుడు సోఫాలోంచి అమ్మగారు కళ్ళజోడు సర్దుకుంది. “ఇందులో ఇద్దరు కోడళ్ళని ఉందయ్యా. నాకు కనబడేది ఒక్కతే. రెండోదాన్ని ఎక్కడ చూపించను, కుండీనా?” నిజంగానే ఆ పక్కన పెద్ద పూలకుండీ ఉంది. ఆవిడ ఊరుకోలేదు. “నేనే పంపాను దాన్ని కాఫీకని. నాకు మాత్రం పట్టిందా? పిలవండి ముందు.”

డైరెక్టరు తలపట్టుకున్నాడు. “సరే. సరే. ఎవరో ఒకరు ఆ తలుపులోంచి వచ్చి ఆ కుండీ వెనకాల నిలబడండి. తల వంచుకుని. మొహం తెలియకూడదు. డ్రెస్సుందా?”

“ఉంది సార్” అంది ఆమె.

“ఇంకేం, నువ్వే వేసుకుని రా. రెండు నిమిషాలు.”

ఆకుపచ్చ డ్రెస్సు భుజాల దగ్గర బిగుతైంది. నూనె మరక అలాగే ఉంది. జారుముడి వేసుకుని, నల్ల వాచీ పెట్టుకుని, ట్రే తీసుకుని తలుపు వెనక్కి వెళ్ళింది. అక్కడ గాలాడదు. ప్లైవుడ్ వాసన, దుమ్ము, ఎలుక కొరికిన వైర్లు. ఇక్కడేనా నువ్వు ఇన్నాళ్ళూ ఉన్నది అనుకుంది, ఎవర్నో పలకరించినట్టు. కూర్చోవడానికి నాలుగు కాళ్ళున్న కుర్చీ కూడా లేదు. అవతల అమ్మగారి గొంతు వినిపించింది. “పెద్దమ్మాయ్.” స్క్రిప్టులో లేని మాట అది, ఆవిడే కలిపింది.

ఆమె తలుపు తోసుకుని బయటికొచ్చింది. లైట్ల వేడి మొహాన కొట్టింది. తల వంచుకునే నడిచింది, చెప్పినట్టే. కుండీ వెనకాల తన కోసం వదిలిన చోటు కనబడింది. మనిషి పట్టేంత కూడా లేదు, సగం ఆకులు, సగం గోడ. ఏడాది తర్వాత బయటికొచ్చింది ఈ ఆకుల వెనక నిలబడటానికా? నిజంగా ఆమె ఏమీ అనుకుని రాలేదు. ఆ చోటు చూశాక మటుకు కాళ్ళు అటు పోనన్నాయి. పెద్ద కొడుకు వేషం వేసిన అతను దారికి అడ్డంగా ఉన్నాడు, ఏడాదిగా పెళ్ళాం ఏదీ అని ఒక్క డైలాగు అడగనివాడు. ట్రే తీసుకెళ్ళి అతని చేతుల్లో పెట్టింది. అతను అలవాటు లేని పనికి తెల్లబోయి పట్టుకున్నాడు. ఆమె అందరినీ దాటుకుని, సోఫా చుట్టూ తిరిగి, వీధి తలుపు తీసుకుని, వెనక్కి చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. వెనకాల అమ్మగారు తడుముకోకుండా అంటోంది, “నా ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, అందరూ నా కళ్ళ ముందున్నారు. ఇంకేం కావాలి నాకు.”

వీధి తలుపు అవతల వీధి లేదు, స్టూడియో సందు ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ. లారీ డ్రైవరు బంపరు మీద కాలు పెట్టుకుని టీ తాగుతున్నాడు. చిన్నప్పుడు ఎవరూ చెప్పని తర్వాత అంటే ఇదా అనుకుంది ఆమె. ఎండ కళ్ళల్లో పడుతోంది, ఆకలేస్తోంది, బిగుతు డ్రెస్సులో చంక దగ్గర కుట్టు పట్టు వదులుతోంది. అంతా బాగానే ఉంది.

డైరెక్టరు పరిగెత్తుకొచ్చాడు. నిలబడమంటే ఈ నడకేమిటి, మళ్ళీ తీయడానికి టైమెక్కడిది, మతిపోయిందా అని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె విన్నది. లోపల్నించి కెమెరామన్ తల బయటపెట్టి “సార్, షాటు బాగుంది, ఉంచేద్దాం. గోడలు పీకేస్తున్నారు” అన్నాడు. డైరెక్టరు అటు చూసి, ఇటు చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“సార్, ఆ అసోసియేటు పనికి వేరేవాళ్ళు దొరికారా?”

“ఇప్పుడదా? లేదు. సోమవారం బయల్దేరాలి. మీ ఆయన కుదరదన్నాడుగా.”

“ఆయనకి కుదరదేమో సార్. నాకు కుదురుతుంది.”

డైరెక్టరు ఆమెని పైనుంచి కిందకి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. “ఓకే కానిది ఓకే అనవుగా అక్కడ కూడా?”

“అనను సార్.”

“మంచిదేలే” అని గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

శుక్రవారం సాయంత్రం ఆఖరి ఎపిసోడు. అత్తగారు ముందే వచ్చి కూర్చుంది. ఆయన ఆఫీసు నుంచి వచ్చి చొక్కా మార్చుకుని కుర్చీలో వాలాడు, కూతురు కాళ్ళు ముడుచుకుని నేల మీద. ఆమె స్టవ్ మీద పాలు పెట్టి వచ్చి, సోఫాలో అత్తగారి పక్కన కూర్చుంది. ఆ టైములో ఆమె అక్కడ కూర్చోవడం ఎవరికీ అలవాటు లేదు. అత్తగారు కొంచెం జరిగింది.

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ బట్టల్లో ఒక మనిషి తల వంచుకుని బయటికొచ్చింది. “అదిగో, పెద్దది” అంది అత్తగారు. “వచ్చేసిందే.” ట్రే మొగుడి చేతిలో పెట్టేసరికి ఆవిడ వీపు నిటారైంది. వీధి తలుపు మూసుకున్నాక, సోఫాలో తల్లి నవ్వుతుండగా పేర్లు పడటం మొదలయ్యాయి. అత్తగారు ఇంకా ఆ మూసిన తలుపునే చూస్తోంది.

“ఎక్కడికే పోయింది?”

“తెలీదత్తయ్యా. కథ అయిపోయింది కదా. ఇక ఆవిడ ఇష్టం.”

“ఇష్టమేమిటి, ఆ ఆకుపచ్చ డ్రెస్సు నువ్వే కదమ్మా” అంది కూతురు, వెనక్కి తిరిగి. “నీ నడక నాకు తెలీదూ?”

ఆయన పేపరు దించి చూశాడు. ఆమె తడబడలేదు. “సోమవారం నేను వేరే ఊరు వెళ్తున్నాను, అసోసియేటుగా. నెల్లాళ్ళు.”

“వద్దని చెప్పేశాను కదా.”

“మీరు చెప్పారు. నేను చెప్పలేదు. నిన్న నేను చెప్పాను, వస్తానని.”

“మరి ఇక్కడ?” అన్నాడాయన, చెయ్యి ఒకసారి గాల్లో తిప్పి. ఇక్కడ అంటే ఏమిటో ఆ చెయ్యి చూపించలేకపోయింది. ఆ ప్రశ్న ఆయనది, నెల్లాళ్ళు టైముంది ఆలోచించుకోవడానికి.

అత్తగారు ఇంకా టీవీ వైపే మొహం పెట్టుకుని ఉంది. “పోతే పోయింది గానీ, పొయ్యి కట్టేసి వెళ్ళిందో లేదో” అంది.

“ఇంట్లో అంతమంది ఉన్నారుగా అత్తయ్యా. చూసుకుంటారు.”

అప్పుడే వంటింట్లోంచి సుయ్యిమని శబ్దం, వెంటనే మాడు వాసన. పాలు పొంగాయి. ముగ్గురూ ఒక్కసారే ఆమె వైపు చూశారు. ఆమె కూడా ముగ్గుర్నీ చూసింది, ఒకరి తర్వాత ఒకరిని, షాటుకి ముందు చూసినట్టే. తర్వాత సోఫాలో వెనక్కి జారబడి, కాళ్ళు పైకి ముడుచుకుంది. వాసన ఎక్కువైంది. ఆయన చెప్పులు వెతుక్కుని, ఏదో గొణుక్కుని, లేచి లోపలికి వెళ్ళాడు. గిన్నె కింద పడిన చప్పుడు వినిపించింది, ఆ వెనకే మూత దొర్లిన చప్పుడు.

“ఏమండీ, గుడ్డ ఎక్కడుంది?” అన్నాడు వంటింట్లోంచి. పెళ్ళయినప్పటినుంచీ ఆయన ఆమెని ఏమండీ అనడం అదే మొదటిసారి. తొట్రుపాట్లో అని ఉంటాడు.

ఆమె హాల్లో ఉంది.